వెర్నీస్ అరచెయ్యి

వెర్నీస్ టాలీ చెయ్యి ఒకసారి చూసినవాళ్ళు మర్చిపోరు. రొట్టె కాల్చే పెనమంత ఉండేది. కుడిచేతి చిటికెన వేలు పక్కకి వంగి ఉండేది. ఎప్పుడో ఒక పిల్ల మడమ తగిలి విరిగింది. డాక్టరు దగ్గరికి పోవే అంటే, "దానికేం పనుందిలే, చెవి గోక్కోవడానికేగా" అంది. ఆ వేలు అలాగే వంకరగా అతుక్కుపోయింది.

అలబామాలో, కూసా నది పక్కన మా ఊరు. ఊళ్ళో మూతపడ్డ బట్టల మిల్లు ఒకటి, మూతపడని యూనివర్సిటీ ఒకటి. వెర్నీస్ వాళ్ళ నాన్నా, మా ఆయనా మిల్లులోనే ఊపిరితిత్తులు పోగొట్టుకున్నారు. మేమిద్దరం యూనివర్సిటీలో జిమ్నాస్టిక్స్ ఆడపిల్లల దగ్గర పనికి చేరాం. నేను వాళ్ళ బట్టలు ఉతికేదాన్ని. పోటీలకు వేసుకునే ఆ బట్టలు ఒంటికి చర్మంలా అతుక్కుంటాయి. నిండా మెరుపు రాళ్ళు. మిషన్లో వేస్తే రాళ్ళన్నీ రాలిపోతాయి, చల్లనీళ్ళలో చేత్తోనే ఉతకాలి. వెర్నీస్ మాత్రం పిల్లలు పడకుండా కింద ఆసరాగా నిలబడేది.

ఆ పిల్లలు ఎత్తు కడ్డీ పట్టుకుని ఊగి ఊగి, కడ్డీ వదిలేసి, గాలిలో గిర్రున తిరిగి మళ్ళీ అదే కడ్డీ పట్టుకుంటారు. నేర్చుకునేటప్పుడు కింద ఒకరు నిలబడాలి. మిగతా కోచ్‌లైతే పిల్లని బియ్యం బస్తాలా నడుం పట్టి లేపేవాళ్ళు. వెర్నీస్ అలా పట్టుకునేది కాదు. పిల్ల పైన తిరుగుతున్నప్పుడు వీపు మధ్యన అరచెయ్యి ఆనించి, వెంటనే తీసేసేది.

"అంత మాత్రానికి నువ్వెందుకే?" అన్నాను ఒకసారి.

"నేల ఎటుందో దానికి చెబుతా, అంతే. మిగతాది అదే చూసుకుంటుంది."

మొదట్లో వెర్నీస్ పోటీలప్పుడు పాప్‌కార్న్ అమ్మేది. ఒకరోజు ఎవరో పిల్ల విన్యాసాలు చేసే సన్నటి దూలం మీంచి తలకిందులుగా జారుతుంటే, ఇది బుట్ట విసిరేసి కంచె దూకి ఆ పిల్ల మెడ కింద చెయ్యి పెట్టింది. పాప్‌కార్న్ అంతా జడ్జీల నెత్తిన పడింది. అప్పటి కోచమ్మ మర్నాడే దీన్ని ఉద్యోగంలో పెట్టుకుంది. ఇక అంతే, జీవితమంతా పైకి చూస్తూనే గడిచిపోయింది. పెళ్ళెందుకు చేసుకోలేదే అంటే, "ఇంటికెళ్ళాక కూడా ఎవడు పడతాడో అని చూస్తూ కూర్చోవాలా ఓజెల్లా?" అనేది.

టీగన్ అనే పిల్ల వ్యోమింగ్ నుంచి వచ్చింది. ఆవుల మధ్య పెరిగింది, మొహం నిండా మచ్చలు, మాట తక్కువ. చేరిన ఏడాదే ఆకురాలే కాలంలో దానికి గాలిలో దారి తప్పింది. అది ఆ ఆటవాళ్ళకి వచ్చే జబ్బు. ఒంట్లో ఏమీ ఉండదు, తిరుగుతూ తిరుగుతూ తామెక్కడున్నారో మర్చిపోతారు. తోటి పిల్లలు ఆ జబ్బు పేరు కూడా ఎత్తరు, ఎత్తితే అంటుకుంటుందని భయం. టీగన్ భోజనాల బల్ల దగ్గర కూర్చుంటే పక్క కుర్చీలు మెల్లగా ఖాళీ అయ్యేవి.

"మిస్ ఓజీ, పైకెళ్ళగానే ఎవరో లైట్లార్పేసినట్టుంటుంది" అంది నాతో, ఉతికిన బట్టలు తీసుకోవడానికి వచ్చి. "పైనేదో కిందేదో తెలీదు. వేరే ఎవరి ఒంట్లోనో ఉండి తిరుగుతున్నట్టుంటుంది."

యూనివర్సిటీ ఆ పిల్లలకి లోటు చేసిందంటే నేనొప్పుకోను. కాలు బెణికితే ఐసు తొట్టి ఉంది, పాఠం రాకపోతే మాస్టారున్నాడు, మనసు బాగోకపోతే దానికో డాక్టరమ్మ ఉంది. కోచ్ ప్రూయిట్ కూడా మంచివాడే, నోరే పెద్దది. "నువ్వింక కడ్డీ ఎక్కకపోయినా నీ చదువు ఎక్కడికీ పోదు బంగారం. ఫీజూ తిండీ గదీ అన్నీ మావే. కావాలంటే మానెయ్" అన్నాడు.

టీగన్ నేల చూస్తూ, "నేను మానట్లేదు కోచ్. అదే నన్ను మానేసింది. నాకది మళ్ళీ కావాలి" అంది.

అప్పుడు వెర్నీస్ లేచి, చేతులకి సుద్దపొడి పూసుకుని కడ్డీ కింద నిలబడింది. ఆ కాలమంతా నిలబడే ఉంది. "ఎక్కవే తల్లీ" అనడం, వీపున చెయ్యి ఆనించడం, తీసెయ్యడం. "మిస్ వెర్నీస్ చెయ్యి కాలిపోతుంటుంది, ఇస్త్రీపెట్టెలా" అనేది టీగన్. ఆ వేడి తగిలితే చాలు, నేల ఎటుందో దానికి తెలిసేది. చెయ్యి లేకపోతే మాత్రం కడ్డీ వదిలేది కాదు.

క్రిస్మస్ ఇంకా రాలేదు, కిరాణా కొట్టు బయట వెర్నీస్ పడిపోయింది. చిలగడదుంపలు కార్ల కిందకి దొర్లిపోయాయి. వాటికోసం వంగిందనుకున్నారు జనం. తీరా చూస్తే పక్షవాతం. కుడిపక్కంతా పోయింది. మాట పోయింది. ముసలివాళ్ళ ఆశ్రమంలో మంచం మీద పడుకోబెట్టారు. నేను చూడ్డానికి వెళ్ళి ఆ కుడిచెయ్యి పట్టుకున్నాను. తడిగుడ్డలా వేలాడింది.

జనవరిలో పోటీలు మొదలయ్యాయి, ప్రతి శుక్రవారం సాయంత్రం. టీగన్ కడ్డీ ఎక్కుతానంది. కోచ్ వద్దన్నాడు, అయినా వినలేదు. ఇది మెడ విరగ్గొట్టుకుంటుందని నేను కళ్ళు మూసుకున్నాను. జనం కేకలు విని తెరిచేసరికి ఆ పిల్ల గాలిలో తిరిగి కడ్డీ పట్టుకుని, ఊగి, దిగి, నవ్వుతోంది.

మార్కుల పలక చూస్తే అర మార్కు తక్కువ. కోచ్ జడ్జీల దగ్గరికి ఉరికాడు.

"ఎందుకండీ కోశారు?"

"ఆసరావాళ్ళు ముట్టుకున్నారు" అన్నాడు జడ్జీ.

"ఎవరు ముట్టుకున్నారు? నేను దూరంగా నిలబడ్డాను! నా రెండు చేతులూ జేబుల్లో ఉన్నాయి, కావాలంటే నా పాంటునడగండి!"

"మీరు కాదు. పిల్ల కింద ఎవరో చెయ్యెత్తి నిలబడ్డారు, నేను చూశాను." అని ఆ జడ్జీ కడ్డీల వైపు తిరిగాడు. అక్కడ పరుపులు తప్ప ఏమీ లేవు. ఇంకో జడ్జమ్మ కూడా కోసింది, ఆవిడ మాట్లాడలేదు. వీడియో వేసి చూశారు. పిల్ల ఒక్కతే ఉంది. అర మార్కు తిరిగిచ్చారు, కానీ ఆ జడ్జీ లేచి పరుపుల దాకా వెళ్ళి మళ్ళీ చూసొచ్చాడు.

ఆ రాత్రి వచ్చిన బట్టలు మర్నాడు పొద్దున ఉతుకుదామని తీశాను. ముదురు నీలం బట్ట. టీగన్ బట్ట తిరగేస్తే వీపు మధ్యన తెల్లగా సుద్దపొడి అచ్చు. అరచెయ్యి, అయిదు వేళ్ళు. చిటికెన వేలు పక్కకి వంగి ఉంది.

నేను బట్టని నీళ్ళలో వదిలేసి కుర్చీలో కూలబడ్డాను. కిటికీలోంచి ఎండ వస్తోంది, పక్క హాల్లో పిల్లలు నవ్వుకుంటున్నారు. కాసేపటికి లేచి ఉతికాను. పోయింది. తర్వాత వారం పోటీకి మళ్ళీ అదే చోట అదే అచ్చు.

ఆదివారం చర్చి అయ్యాక ఆశ్రమానికి వెళ్ళాను. వెర్నీస్‌ని చూసుకునే డార్నెట్ అనే అమ్మాయి వరండాలోనే నన్ను ఆపింది.

"మిస్ ఓజెల్లా, ఆమెకి పౌడరు మీరిస్తున్నారా?"

"ఏం పౌడరే?"

"శుక్రవారం సాయంత్రాలు ఆమె చచ్చుబడ్డ చెయ్యి లేస్తోందండీ. దానంతటదే పైకి లేచి, అరచెయ్యి చాచి, కాసేపాగి పడిపోతుంది. నేను దుప్పటి మార్చబోతే చెయ్యంతా తెల్లపొడి. కాలిపోతోంది కూడా, జ్వరమనుకున్నా. ఇక ఆ తర్వాత మూడు రోజులు ముద్ద ముట్టదు. చూడండి ఎలా అయిపోయిందో. డాక్టరేమో, ఇలాగే ఉంటే నెల దాటదంటున్నాడు."

లోపలికెళ్ళి చూశాను. బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి. పెనంలాంటి చెయ్యి మాత్రం దుప్పటి మీద అలాగే ఉంది. "ఏమే, పడుకున్నా పని మానవా?" అన్నాను. కళ్ళు నా వైపు తిప్పింది, అంతే.

సోమవారం టీగన్‌ని ఉతికే గదిలోకి పిలిచి తలుపేశాను. అచ్చు సంగతి చెప్పబోయాను. అది ముందే తల ఊపింది.

"నాకు తెలుసు మిస్ ఓజీ. మొదటిరోజే తెలుసు. ఆ చెయ్యి నాకు తెలీదా?"

"భయం లేదా నీకు?"

"భయమెందుకు? వదిలేముందు నేను దానికోసం చూస్తా. వస్తుంది." ఆ పిల్ల ఆ మాటంటూ చిన్నగా నవ్వింది.

"నీకు బాగానే ఉంది. వచ్చే మనిషి ఎలా ఉందో చూశావా ఎప్పుడైనా?"

"ఆస్పత్రి వాసన నాకు పడదు..."

"ఆవుపేడ వాసన పడిందిగా? పద."

బస్సెక్కించి తీసుకెళ్ళాను. మంచం దగ్గరికి రాగానే దాని మొహంలో రక్తం పోయింది. డార్నెట్ తను చూసిందంతా మళ్ళీ చెప్పింది. టీగన్ మోకాళ్ళ మీద కూర్చుని ఆ కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"మిస్ వెర్నీస్, ఇంక రావద్దు. నేను చూసుకుంటా. పడితే పడతా."

తడిగుడ్డలాంటి ఆ చెయ్యి పిల్ల మణికట్టుని పట్టేసింది. గోళ్ళు తెల్లబడేలా పట్టింది. టీగన్ "అమ్మా" అంది నొప్పికి. నేనూ డార్నెట్టూ చెరో వేలు లాగాం, రాలేదు. వెర్నీస్ మొహం చూస్తే అందులో ఏ కదలికా లేదు. కళ్ళు పైకప్పు మీద ఉన్నాయి, అక్కడెవరో ఊగుతున్నట్టు ఇటూ అటూ కదులుతున్నాయి.

"పట్టుకోకండి మిస్ వెర్నీస్" అంది టీగన్ ఏడుస్తూ. "నన్ను పట్టుకుంటే మీరు పోతారు. నాకలా వద్దు."

చాలాసేపు పట్టింది. వేళ్ళు ఒక్కొక్కటీ వదిలాయి. వంకర వేలు ఆఖర్న వదిలింది.

తిరుగుదారిలో బస్సులో, "మానేస్తావా?" అనడిగాను.

"మానను. కానీ ఆమె వస్తే దిగిపోతా."

ఆ శుక్రవారం పోటీకి నేను హాల్లో ఉండలేదు. ఆశ్రమంలో వెర్నీస్ మంచం పక్క కూర్చుని టీవీ పెట్టాను. మన ఊరి హాలు, మన పిల్లలు, ప్రూయిట్ పెద్ద నోరు, అన్నీ కనిపిస్తున్నాయి. టీగన్ చేతులకి పొడి పూసుకుని కడ్డీ కింద నిలబడింది. ఒక్కసారి చుట్టూ చూసుకుంది. ఎగిరి పట్టుకుంది.

దుప్పటి కింద కుడిచెయ్యి కదిలింది.

"వెర్నీస్, వద్దు. పిల్ల చెప్పింది కదే" అన్నాను. చెయ్యి మోచేతి దాకా లేచింది. గది వేడెక్కింది, స్టవ్ పక్కన నిలబడ్డట్టు. నేను పట్టుకుందామని లేచాను. పట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. ఆ పిల్ల మెడ విరిగితే ఆ పాపం ఎవరిది?

అప్పుడు వెర్నీస్ ఎడమచెయ్యి, బాగున్న చెయ్యి, గుండెల మీంచి దాటి వచ్చింది. తన కుడి మణికట్టుని తనే పట్టుకుంది. పట్టుకుని కిందకి అదిమింది. మంచం కిర్రుమంది. ఎడమచెయ్యి నరాలు తేలాయి, నుదుటి మీద చెమట పట్టింది. కుడిచెయ్యి గిలగిల్లాడుతూ పైకి లాగుతోంది. నా కళ్ళముందు ఒకే మనిషి రెండు చేతులు కుస్తీ పట్టాయి.

టీవీలో టీగన్ కడ్డీ వదిలింది. తిరిగింది. కడ్డీ వేళ్ళకి తగిలి జారిపోయింది. పరుపు మీద వీపున పడింది, హాలంతా "అయ్యో" అంది.

వెర్నీస్ నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. మాట కాదది, గొంతులోంచి గాలి. కుడిచెయ్యి ఒక్క ఊపున లేవబోయింది. ఎడమచెయ్యి వదల్లేదు.

టీగన్ కాసేపు పైకప్పు చూస్తూ పడుకుంది. ప్రూయిట్ పరిగెత్తుకొస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. లేచింది. పడ్డా మళ్ళీ ఎక్కొచ్చు, మార్కే పోతుంది. మళ్ళీ పొడి పూసుకుంది. ఈసారి చుట్టూ చూడలేదు. ఎక్కి, ఊగి, వదిలింది. గాలిలో అది ఎక్కడుందో దానికి తెలుసని నాకు ఇక్కడ కూర్చున్నా కనిపించింది. రెండు చేతులా కడ్డీ పట్టుకుంది.

దిగినప్పుడు తూలింది. మార్కు ఘోరం. పిల్ల మాత్రం టీవీలో వంగి మోకాళ్ళు పట్టుకుని నవ్వుతోంది, ఏడుస్తోంది, తోటి పిల్లలందరూ దాని మీద పడ్డారు. అంతకాలం పక్క కుర్చీల్లోంచి లేచిపోయినవాళ్ళే.

గది చల్లబడింది. నేను వెర్నీస్ ఎడమచెయ్యి మెల్లగా విప్పాను. కుడి మణికట్టు మీద వేళ్ళ గుర్తులు ఎర్రగా పడ్డాయి. అరచెయ్యి తిప్పి చూశాను. పొడి లేదు.

డార్నెట్ గిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. "పెట్టనా, వద్దా?" అంది గొంతు తగ్గించి.

"నన్నెందుకడుగుతావ్, ఆమెనడుగు" అన్నాను.

వెర్నీస్ టీవీ మీంచి కళ్ళు తిప్పి, గిన్నె వైపు చూసి, నోరు తెరిచింది.