రెక్క మీద కుట్లు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా దబ్బనం నా అరచేతిలోనే దిగబడాలి. పరుపులు కుట్టి బతికేదాన్ని, నాకు తెలిసిన పెద్ద ఒట్టు అదే. నాలుగో తరగతితో బడి ఆగిపోయింది గానీ, చూసింది మర్చిపోయే అలవాటు లేదు. ఆ రాత్రి చూసింది చూసినట్టు చెబుతాను... తర్వాత మీ ఇష్టం.

నల్లపాడు రైలు స్టేషనుకు ఇవతల మాది రెండు గదుల ఇల్లు. వెనక గదిలో మా తమ్ముడు సైదా, వాడి కంప్యూటరు. వాడికి చిన్నప్పటినుంచి ఆయాసం. అందుకే దూది ఏకడం, నింపడం అన్నీ మిషను దగ్గరే చేయించి, మూతి కుట్టేసిన పరుపులే ఇంటికి తెచ్చి కుట్లు వేస్తాను.

వాడి పని విమానాలు. నిజంవి కావు. కంప్యూటర్లో విమానం నడిపే ఆట ఒకటి ఉందట, అచ్చం నిజంగా నడిపినట్టే ఉంటుందట. ఎవరో పాత ఆట కోసం చేసిన విమానాన్ని, వాళ్లనడిగి తీసుకుని, కొత్త ఆటలో ఎగిరేలా మారుస్తున్నాడు. యుద్ధం రోజుల నాటిది. రెక్కలకు రేకు కాదు, బట్ట. చేసినవే తక్కువట, ఇప్పుడు లోకంలో ఒక్కటీ లేదట. మసక ఫోటోలు నాలుగు ముందు పెట్టుకుని నాలుగు నెలలు కూర్చున్నాడు.

ఇది కుదిరితే ఆ విమానాలు చేసేవాళ్లు వాణ్ణి తమలో చేర్చుకుంటారు. ఇంట్లో కూర్చుని చేసుకునే పని. కుదరకపోతే తెల్లారి కోల్డ్ స్టోరేజీకి. అక్కడ మా ఆయన మాట ఇచ్చేశారు. కిందటేడు మిరపకాయ టిక్కీల... అదే, బస్తాల... మధ్య పదిరోజులు పనిచేసి, పదకొండో రోజు ఆక్సిజన్ పెట్టించుకున్నాడు మా వాడు. ఈసారి వెళితే ఏమవుతుందో నాకు తెలుసు. మా ఆయనకీ తెలుసు. కానీ ఎన్నాళ్లని ఊరుకుంటారు?

"ఏరా సైదా, ఇంతకీ మీ విమానం నల్లపాడు దాటిందా?" అన్నారు ఆ సాయంత్రం అన్నం తింటూ.

"దాటింది బావా. దాటి సముద్రంలో పడింది."

"ఈత నేర్పించకపోయావా!"

నవ్వుకున్నాం. కానీ వాడి ముఖం పీక్కుపోయి ఉంది. మూడు రాత్రులుగా నిద్ర లేదు వాడికి. వాడి దగ్గు వింటూ నాకూ లేదు.

చిక్కేమిటంటే, చెయ్యి వదిలేసినా విమానం నాలుగు గంటలు తిన్నగా ఎగరాలి. ఉదయానికల్లా అది చూపించాలి. మా వాడిదేమో మూడో గంటలో ఎడమ రెక్క వాల్చి పడిపోయేది. ప్రతిసారీ అంతే.

అన్నాల తర్వాత రెక్కను దగ్గరగా చూపించాడు. చూసి ఊరుకోలేకపోయాను.

"ఒరేయ్, ఎవర్రా కుట్టింది? ఇంతింత ఎడంగా వేస్తే గాలి పోసుకుని ఉబ్బిపోదూ?"

"అది బట్ట కాదక్కా. బట్టలా కనబడే రంగు. ఉబ్బదు, చిరగదు."

అన్నాడు గానీ, ఫోటో పెద్దది చేసి చూశాడు. నిజమే... కుట్లు దగ్గరదగ్గరగా ఉన్నాయి. "అమ్మ మస్తాన్‌బీ!" అని నా పేరు పెట్టి పిలిచి, అప్పటికప్పుడు గీతలు మార్చాడు. రెక్క కొనదాకా మార్చడానికి ఓపిక లేకపోయింది. పదకొండున్నరకి విమానాన్ని ఎగరేసి వదిలాడు.

"అక్కా, నువ్వు చూస్తుండు. పడిపోతే నన్ను లేపు. కీబోర్డు మాత్రం ముట్టుకోకు. ముట్టుకుంటే చెల్లదు."

మందు పీల్చుకుని చాప మీద వాలాడు. వాలగానే నిద్ర.

బ్రాడీపేట సుశీలమ్మ గారి పరుపు ముందేసుకుని కూర్చున్నాను. దబ్బనం గుచ్చడం... మైనం దారం లాగడం... ముడి. తలెత్తి చూస్తే విమానం. కింద నల్లటి సముద్రం. మళ్లీ దబ్బనం. చేతులు బరువెక్కిపోయాయి. కళ్లల్లో కారం కొట్టినట్టు మంట. పన్నెండు. ఒకటి. రెండు.

గూడ్సు బండి ఒకటి వెళ్లింది. కిటికీ ఊచలు గలగలమని ఆగాయి. తర్వాత... ఏ చప్పుడూ లేదు. కుక్క కూడా అరవలేదు.

అప్పుడు విన్నాను.

పట... పట... పట...

బల్ల మీద పెట్టిన హెడ్‌ఫోన్లలోంచి. ఇంజను చప్పుడు కాదు. వదులైన బట్ట గాలికి కొట్టుకునే చప్పుడు. పుట్టినప్పటినుంచి బట్టల మధ్య ఉన్నదాన్ని, నాకు తెలియదా!

తలెత్తాను. ఎడమ రెక్క కొన దగ్గర బట్ట ఉబ్బింది. నెమ్మదిగా... ఊపిరి తీసుకుంటున్న పొట్టలా. ఒక కుట్టు తెగింది. పక్కది తెగింది. సముద్రం ఓ పక్కకి ఒరిగింది.

కీబోర్డు మీదికి చెయ్యి పోయింది. ముట్టుకుంటే చెల్లదన్నాడు. ఆపేశాను. లేపుదామని తిరిగాను. వాడి ఊపిరి... మూడు రోజుల్లో మొదటిసారి పిల్లికూతలు లేకుండా సాగుతోంది. లేపితే మాత్రం ఏం చేస్తాడు? వాడూ ముట్టుకోకూడదుగా.

నా చేతులు పరుపు మీదికే వచ్చాయి. ఎందుకో చెప్పలేను. దబ్బనం గుచ్చి, బలమంతా పెట్టి దారం లాగాను.

సర్ర్...

రెక్క మీద బట్ట ఒక చోట అణిగింది.

పక్కనే, దగ్గరగా, ఇంకొకటి గుచ్చాను. లాగాను. సర్ర్... మరో చోట అణిగింది. దారం లాగుతున్నది నేను, ఇక్కడ. చప్పుడు మాత్రం... హెడ్‌ఫోన్లలోంచి వస్తోంది.

ఇక ఆగలేదు. వేళ్లు కోసుకుపోయినా ఆగలేదు. ఎంతసేపో తెలియదు. సముద్రం తిన్నగా అయ్యింది. పటపటలు ఆగిపోయాయి. అయినా కుడుతూనే ఉన్నాను.

సైదా లేచేసరికి తెల్లవారుతోంది. విమానం ఇంకా ఎగురుతోంది.

"ఎగురుతోందక్కా! ఇంకా ఎగురుతోంది!" అని నా భుజాలు ఊపేశాడు. తర్వాత విమానం ఎగిరిన లెక్కలేవో తెరిచి, ఒకటికి రెండుసార్లు చూశాడు.

"మూడో గంటలో పడబోయింది. మళ్లీ లేచింది. నువ్వేమైనా ముట్టుకున్నావా?"

"లేదురా."

"ముట్టుకున్నట్టు ఇక్కడా లేదు. మరెట్టా లేచింది?"

చూసిందంతా చెప్పాను. నవ్వలేదు. "కుట్లు మార్చినందుకు లేవదక్కా. అది రంగు. బట్ట ఊగడమన్నదే నేను పెట్టలేదు," అన్నాడు. నిద్ర లేక కలగన్నానంటాడు. అయి ఉండొచ్చు. అంత అలసిపోయిన మనిషి కళ్లను నేనూ నమ్మను. మరి విమానం ఎందుకు లేచిందో వాడూ చెప్పలేడు.

ఆ విమానాలు చేసేవాళ్లు ఒప్పుకున్నారు. మా వాడు కోల్డ్ స్టోరేజీ గడప తొక్కలేదు. ఆ విమానాన్ని ఏయే దేశాల వాళ్లో నడుపుతున్నారట.

వారానికి సుశీలమ్మ గారు పరుపు చూసి నోరెళ్లబెట్టారు.

"ఇదేంటి మస్తాన్‌బీ, బల్లచెక్కలా ఉంది? ఎవరైనా ఇన్ని కుట్లు వేస్తారా? విప్పి మళ్లీ వెయ్యి."

సరేనండీ అన్నాను. బ్లేడు తీసుకుని మొదటి ముడి మీద పెట్టాను. ఆట అని నాకు తెలుసు. పడిపోయినా ఎవరికీ దెబ్బ తగలదనీ తెలుసు. కానీ ఎక్కడో ఎవరో ఈ నిమిషంలో ఆ సముద్రం మీద ఉంటారు కదా... అనిపించింది.

బ్లేడు కదల్లేదు.

దాన్ని అలాగే ఇంట్లో ఉంచేసి, ఆవిడకు నా డబ్బులతో కొత్త దూది కొని ఇంకో పరుపు కుట్టిచ్చాను. మా ఆయన తిట్టారు. తిట్టనీ.