అత్తరు ఇంట్లో పూలు

పెళ్ళికి ముందు నా సింగారమంతా తలంటుకున్నాక జుట్టుకు పట్టే సాంబ్రాణి పొగ, చెవి మడతలో పెట్టుకునే మల్లె అత్తరు దూది. పాతబస్తీలో అత్తరు దుకాణం వాళ్ళింటికి కోడలిగా వెళ్తున్నానని ఎంత మురిసిపోయానో!

వచ్చిన మర్నాడే మామగారు చెప్పేశారు.

"బిడ్డా, ఈ ఇంట్ల ఎవ్వరు వాసనలు పూసుకోవద్దు. నా ముక్కు ఖరాబైతే దుకాణం బంద్ చేసుకోవాలె."

ఆయన అత్తర్లు కలిపేది ఇంట్లోనే, ముందు గదిలో. అందుకని సాంబ్రాణి లేదు, వాసన సబ్బు లేదు. మా అత్తగారి తలలో పువ్వన్నది నేనెన్నడూ చూడలేదు. కుంకుడుకాయతో తలంటుకుని కిటికీ దగ్గర నిలబడితే, కింద సందులో ఘుమఘుమలాడుతూ పోయే ఆడవాళ్ళను చూసి ఒళ్ళు మండేది.

మొన్న చలికాలంలో జ్వరం వచ్చి తగ్గాక మామగారికి వాసనే తెలియకుండా పోయింది. జాలిపడాల్సింది పోయి, దాచుకున్న మల్లె అత్తరు తీశాను. చెవిలో దూదితో ఆయన ముందు నుంచే దర్జాగా నడిచాను.

ఆయన పిలిచి ఓ సీసా చేతికిచ్చారు.

"ఈ గులాబీ అసలుదేనా, జర చూడు."

"కాదు మామా, ఏదో కలిసింది."

ఆయన ముఖం వెలిగింది. "కలిపింది నేనే. నా కొడుకుకు గింత ముక్కు లేదు. రేపట్నుంచి అత్తర్లు కలపనీకి నా జాగల నువ్వే కూసో. ఆ చెవుల దూది మాత్రం తీసెయ్."

నిన్న మా అత్తగారు మొదటిసారి మల్లెపూలు పెట్టుకుని, నవ్వుతూ నా గదిలోకి వచ్చారు.

"అత్తమ్మా, ఆ పూలు తీసెయ్యుండ్రి" అన్నాను.