ఏడో గది ముందు తెల్ల చామంతులు

"...పోయినవాళ్ళ పేరు చెప్పమంటే ఆల్బమ్ పేరు చెప్తుందా ఆ పిల్ల? నువ్వు సరేనన్నావా?"

"అన్నాను. నాలుగు స్టాండులు, అన్నీ తెల్లవే. రేపు పదకొండింటికల్లా సియోల్‌లో ఆ పాటల కంపెనీ గుమ్మం ముందుండాలి."

"బతికున్నవాడి గుమ్మం ముందు తెల్ల చామంతులా?"

"మనిషికి కాదు హేరిన్ నాన్నా, పాటలకి. పాటలు నచ్చకపోతే ఇప్పటి పిల్లలు ఇలాగే చెప్తారు. తిట్టరు, సంతాపం పంపిస్తారు. మీరు కాదంటే పక్కషాపు చో రాస్తాడు. వాడికి అక్షరాలు కూడా సరిగ్గా రావు."

చివరి మాట మేంగ్ ఇన్‌సోక్‌కి తగిలింది. చో రాసిన రిబ్బన్లు అతను చూశాడు. "దివంగత అన్న మాట మాత్రం రాయను" అన్నాడు.

"ఎవరు రాయమన్నారు" అంది భార్య బాక్‌హీ, ఆర్డరు కాగితం అతని ముందుకు తోసి.

ఇంచియోన్‌లోని బుప్యోంగ్‌లో, ఆసుపత్రికి ఎదురుగా ఉంటుంది వాళ్ళ పూలషాపు. ఆసుపత్రి వెనక భాగంలో సంతాప మందిరం ఉంది. పోయినవాళ్ళ ఫోటో పెట్టుకుని ఇంటివాళ్ళు మూడు రోజులు అక్కడే ఒక గదిలో కూర్చుంటారు. వచ్చినవాళ్ళు మొక్కి, కారంగా ఉన్న గొడ్డుమాంసం పులుసుతో అన్నం తిని, పోయే ముందు గది బయట ఎన్ని పూలస్టాండులున్నాయో ఒకసారి చూసుకుని పోతారు. ఆ మూడంచెల స్టాండులు మనిషెత్తు ఉంటాయి. కుడివైపు రిబ్బను మీద సంతాప వాక్యం, ఎడమవైపు రిబ్బను మీద పంపినవాళ్ళ పేరు ఉంటాయి. మంత్రి పేరుంటే ఆ స్టాండు గుమ్మానికి దగ్గరగా జరుగుతుంది.

ఇన్‌సోక్‌కి అరవై రెండేళ్ళు. కుర్రతనంలో సినిమాహాలు బోర్డులకి బొమ్మలు వేసేవాడు. హాళ్ళవాళ్ళు అచ్చుబొమ్మలు తెప్పించుకోవడం మొదలుపెట్టాక అత్తగారి పూలషాపులో కుదురుకుని రిబ్బన్ల మీద కుంచె పట్టాడు. తర్వాత అక్షరాలు వేసే మెషీను వచ్చింది. కుంచె మూలకి పోయింది కానీ ఒక పని మాత్రం అతనిదిగానే ఉండిపోయింది. షాపు దాటే ప్రతి రిబ్బన్నీ అతను నిలబడి, పైకి చదువుతాడు.

దానికి కారణం ఒక తప్పు. తొంభై ఎనిమిదిలో ఒక పెళ్ళీ ఒక చావూ ఒకేరోజు వచ్చాయి. "మీ దాంపత్యం నూరేళ్ళు వర్ధిల్లాలి" అన్న రిబ్బను, భర్త పోయినావిడ గది ముందుకెళ్ళింది. వాళ్ళు గొడవ చేయలేదు. రిబ్బన్ని వెనక్కి తిప్పి మూడు రోజులూ అలాగే ఉంచారు. ఆ తర్వాత తన చేతిమీదుగా ఒక్క తప్పూ జరగలేదని ఇన్‌సోక్ నమ్మకం. అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ ఆ మాటే చెప్పేవాడు.

ఆ పాటలు పాడిన రాపర్ పేరు గోమ్‌జే. బుప్యోంగ్‌లోనే పుట్టి పెరిగినవాడు. నాలుగేళ్ళు ఎక్కడా కనిపించకుండా పోయి, ఇప్పుడు పదకొండు పాటలతో తిరిగొచ్చాడు. పదకొండింటిలోనూ చావు తప్ప వేరే సంగతి లేదట. ఊళ్ళో కుర్రాళ్ళు మెచ్చేవాళ్ళూ తిట్టేవాళ్ళూగా రెండు వర్గాలైపోయారు. సంతాప మందిరానికి ఎదురుగా ఉన్న షాపు కదా అని ఆర్డర్లన్నీ వీళ్ళకే రాసాగాయి. వారం రోజులపాటు ఇన్‌సోక్ షాపు మధ్యలో నిలబడి, అలవాటైన సంతాపస్వరంతో శ్రోతల అభిప్రాయాలు చదివాడు.

"నాలుగేళ్ళు ఆగింది ఇందుకా. ఇట్లు, ఆగినవాళ్ళు."

"మొదటి పాట నుంచి చివరి పాట దాకా చీకటే. ఎవరైనా లైటు వేయండి."

"తిరిగొచ్చావన్నారు. ఎవరొచ్చారో ఆనవాలు పట్టలేకపోయాం."

"ఇది వింటూ నూడుల్స్ తినలేకపోయాను. ఇది పొగడ్తే."

ఆఖరిది చదివి ఆగాడు. "ఇది పొగడ్త అయితే తెల్లపూలెందుకు?"

"పాటలు చావు గురించి కదా. మెచ్చుకున్నా తెల్లవేనట, తిట్టినా తెల్లవేనట" అంది బాక్‌హీ.

"మరి వాళ్ళకెలా తెలుస్తుంది?"

"మీరు చదువుతున్నారుగా, అలాగే."

రిబ్బను మీద ముప్పై అక్షరాలకి మించి పట్టవు. కుర్రాళ్ళు అరవై పంపేవారు. ఇన్‌సోక్ ఫోను చేసి, "ఇందులో 'నిజంగా' అన్నమాట రెండుసార్లుంది, ఒకటి తీసేయొచ్చా" అని అడిగేవాడు. సాధారణంగా ఒప్పుకునేవారు. ఒకడు మాత్రం రెండూ ఉండాలన్నాడు. రిబ్బన్ని ఒక మూర పెంచాడు.

గురువారం మధ్యాహ్నం ఒక అమ్మాయి షాపుకే వచ్చింది. పేరు ఉన్‌సోల్. స్టేషన్ దగ్గర బేకరీలో పనిచేస్తుంది, చేతులకింకా పిండి ఉంది.

"ఓనరుగారూ, ఒక్కటే స్టాండు. కుడివైపు 'నాన్నగారికి, ఏడేళ్ళు ఆలస్యంగా' అని రాయండి. ఎడమవైపు నా పేరు వద్దు, 'బుప్యోంగ్ నుంచి' చాలు."

"మీ నాన్నగారికా అమ్మా?"

"మా నాన్న ఇంట్లో టీవీ చూస్తున్నాడండీ. గోమ్‌జే నాన్నకి. మీరు మూడో పాట వినలేదా? ఇన్ని స్టాండులు అమ్ముతూ ఒక్క పాటా వినలేదా?"

"వింటే చేయి వణుకుతుందేమోనని ఆయన వినడు" అంది బాక్‌హీ, నారింజ వలుస్తూ.

"మెషీనుకి వణుకేంటి పిన్నీ" అని ఉన్‌సోల్ ఫోను కౌంటరు మీద పెట్టింది.

పాటలో రాగం తక్కువ. ఎవరో గోడకి చెప్తున్నట్టు ఒక గొంతు చెప్పుకుపోయింది. నాన్న పోయిన రోజు మాకు ఏడో గది ఇచ్చారు, వరండా చివర. మా గది ముందు ఒక్క పువ్వు లేదు. పొద్దున ఎవరో పెద్ద స్టాండు తెచ్చి దించారు. మా అమ్మ కాగితం మీద సంతకం పెట్టింది. ఎవరు పంపారని నన్నడిగింది. నాన్నతో పనిచేసినవాళ్ళయి ఉంటారన్నాను. ఒక గంటసేపు అమ్మ వచ్చినవాళ్ళందరినీ గుమ్మం దాకా సాగనంపింది. తర్వాత ఆ మనిషే తిరిగొచ్చి, ఇది మీది కాదని వంగి నమస్కరించాడు. ఇంకాసేపు ఉంచొచ్చా అని అమ్మ అడిగింది. అవతలివాళ్ళు ఎదురుచూస్తున్నారన్నాడు. వరండా ఇరుకు కాబట్టి వెనక్కి వెనక్కి నడుస్తూ తీసుకెళ్ళాడు. రాలిన రేకులు అమ్మ ఏరి చేతిరుమాల్లో కట్టింది.

పాట అయిపోయింది. బాక్‌హీ చేతిలో నారింజ సగం వలిచి ఉంది.

"సగంమంది దీన్ని కట్టుకథ అంటున్నారు" అంది ఉన్‌సోల్. "చావు ఇంటి ముందు నుంచి పూలు ఎత్తుకుపోయే షాపువాడు ఎక్కడా ఉండడట. ఏడిపించడానికి రాశాడట. మీరు ఇదే పనిలో ఉన్నారు కదా, చెప్పండి ఓనరుగారూ. అలా జరుగుతుందా?"

"రిబ్బను శనివారానికి సిద్ధమవుతుంది" అన్నాడు ఇన్‌సోక్.

ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. బాక్‌హీ తలుపు పూర్తిగా మూసుకునేదాకా ఆగింది.

"మన మందిరంలాగే ఉంది."

"మన మందిరమే."

"ఎవరు వాడు? చోనా?"

"నేనే."

ఏడేళ్ళ క్రితం వార్డు సభ్యుడి తల్లి పోయింది. ముందు వాళ్ళకి ఏడో గది రాశారు. మందీమార్బలం ఎక్కువని పొద్దున్నే పెద్ద హాలుకి మార్చారు. ఇన్‌సోక్ చేతిలో ఉన్నది ముందురోజు కాగితం. ఏడో గది ముందు దించి, తెల్లబట్టల్లో ఉన్న ఆవిడ చేత సంతకం పెట్టించుకుని వచ్చేశాడు. గంటలో వార్డు సభ్యుడి మనుషులు ఫోను చేస్తే వెళ్ళి సరిచేశాడు. సరిచేసింది తప్పుల్లోకి రాదని లెక్కలో వేసుకోలేదు. ఆవిడ ఇంకాసేపు అని అడగడం గుర్తుంది. రేకుల సంగతి అతనికి తెలియదు. అప్పటికే అతను మలుపు దాటి ఉంటాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అంది బాక్‌హీ.

"చెప్పేంత సంగతి అనుకోలేదు."

ఫోను మోగింది. బాక్‌హీ తీసి, "ఊఁ, ఊఁ, పన్నెండా, తెల్లవేగా" అంటూ రాసుకుంది. పెట్టేసి కాగితం అతనికి అందించింది. అతను అలవాటు ప్రకారం లేచి నిలబడ్డాడు.

"ఆ పూలస్టాండు అబద్ధం. తండ్రి చావుని..." అని అక్కడ ఆగాడు.

"అమ్ముకోకు" అంది బాక్‌హీ. "అని ఉంది. పన్నెండింటి మీదా అదే. మీడియావాళ్ళని కూడా పిలిచారట, ఆదివారం."

అతను కూర్చున్నాడు.

"వినండి" అంది ఆవిడ. "మెషీను పాడైందని చెప్తాను. చో రాసుకుంటాడు. మన చేయి పడదు, అంతే. ఆ పాటలో మన షాపు పేరు లేదు, మీ పేరు లేదు. వాడికి మీ మొహం కూడా గుర్తుండి ఉండదు."

"చో రాస్తే అది నిజమవుతుందా?"

"నిజమూ అబద్ధమూ మనకెందుకు? మందిరం మేనేజరు గు సంగతి తెలుసుగా. రిబ్బను వంకరగా ఉందని ఒక పూలషాపు అమ్మాయిని మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వలేదు. చావు గుమ్మం ముందు పూలు లాక్కున్నది ఎదురుషాపు మేంగ్ అని తెలిస్తే మనల్ని ఉంచుతాడా? ఇరవై ఆరేళ్ళు. ఆ గుమ్మం పోతే మనం ఎవరికి కడతాం స్టాండులు, బస్టాపుకా?"

"లాక్కోలేదు. నమస్కారం పెట్టాను."

"పాటలో కూడా పెట్టారు. విన్నాం."

అతను కౌంటరు మీద కాగితాన్ని సమంగా సర్దాడు. పన్నెండు అన్న అంకె బాక్‌హీ చేతిరాతలో పెద్దగా ఉంది. బయట మందిరం వైపు ఒక వ్యాను తెల్లపూలతో మలుపు తిరిగింది. ఇద్దరూ అలవాటుగా అది ఎవరి షాపుదో చూశారు. చోదే.

"ఆవిడ సంతకం పెట్టిన కాగితం ఏం చేశారు?" అంది బాక్‌హీ.

"చింపేశాను. కొత్తదాని మీద వార్డు సభ్యుడి చేత సంతకం పెట్టించాను."

"అయితే రుజువు కూడా లేదు. మీరు నోరు తెరవకపోతే ఎవరికీ తెలియదు."

"తెలియదు."

"మరి?"

ఇన్‌సోక్ లేచి చొక్కా గుండీలు పై దాకా పెట్టుకున్నాడు. "ఆ పన్నెండు స్టాండుల అబ్బాయి నంబరివ్వు. అవి మనం రాయడంలేదని, ఆ స్టాండు తీసుకెళ్ళింది నేనేనని చెప్తాను. తర్వాత మేనేజరు గు దగ్గరికెళ్ళి అదే మాట చెప్తాను, ఇంకొకళ్ళు చెప్పకముందే. ఆదివారం మీడియావాళ్ళు వస్తే వాళ్ళకీ చెప్తాను."

బాక్‌హీ నంబరు రాసి ఇచ్చింది.