కలశంలో పట్టని పైస

తొంభైల్లో చార్మినార్ దగ్గర ఫుట్‌పాత్ మీద పాత నాణేలు కుప్పలు పోసి అమ్మేవాళ్ళు. కంచన్‌బాగ్‌లో లోహాల ఫ్యాక్టరీ ఆఫీసు వదలగానే, మొఘల్‌పురాలోని ఇంటికి పోకుండా, నేను ఆ కుప్పల ముందు గొంతుక్కూర్చునేవాణ్ణి. అరిగిన అణాలు, చిల్లు పైసలు, ఏది బొమ్మో ఏది బొరుసో తేలని రాగి బిళ్ళలు. అన్నీ చాయ్ మానేస్తే వచ్చేవే. బిస్కెట్ డబ్బాలు ఒకటొకటిగా నిండాయి. నేను దాన్ని సేకరణ అనేవాణ్ణి. చుట్టాలు చిల్లర అనేవాళ్ళు, అని పగలబడి నవ్వేవాళ్ళు.

రెండువేల సంవత్సరం దాటాక ఒక సాయంత్రం, నాణేలమ్మే భాయ్ నాకు దివ్యోపదేశం చేశాడు. విదేశాల్లో నిపుణులున్నారట. నాణేన్ని భూతద్దంతో పరీక్షించి, మార్కులు వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి పంపుతారట. తనకు తెలిసిన వాళ్ళ ద్వారా పంపిస్తానన్నాడు.

"సర్టిఫికెట్ ఆగయా తో కౌన్ హసేగా, సాబ్?"

ఇక ఎవడు నవ్వుతాడన్న ఆ ముక్క నా గుండెల్లో దిగబడిపోయింది. నా పదో తరగతి మార్కుల కోసం కూడా నేనంత ఆశపడలేదు.

డబ్బాలన్నీ గుమ్మరించి మంచివి ఏరాను. మంచివంటే, కాస్త తక్కువ అరిగినవి. అయినా అన్నీ నల్లగా, దిగాలుగా ఉన్నాయి. ఇంట్లో ధగధగలాడే పాత నాణెం ఒక్కటే ఉంది, అది నాది కాదు. మా ఆవిడ అప్పగింతలప్పుడు వాళ్ళ నాయనమ్మ ఆమె చేతిలో పెట్టిన నిజాం కాలపు రాగి పైస. ఏటా శ్రావణ శుక్రవారం, ఆ నాయనమ్మ చేసినట్టే, దాన్ని చింతపండుతో తోమి, కలశంలో వేసి, అప్పుడు పూజకు కూర్చుంటుంది.

"శ్రావణం వరకు మల్ల తెచ్చిస్త," అన్నాను.

"పోగొట్టిన్రంటే ఊకోను. నాయనమ్మ యాదికి నాకు గదొక్కటే ఉన్నది," అంటూనే ఇచ్చింది.

పనిలో పనిగా నావి కూడా తోమిపెట్టమన్నాను. పెళ్ళిచూపులకు పిల్లను మసి మొహంతో కూర్చోబెడతామా? పాపం, మధ్యాహ్నమంతా కూర్చుని తోమింది. తువ్వాల మీద ఆరబెట్టిన నాణేలను చూసి, మార్కులు వేసేవాళ్ళకు కళ్ళు చెదరడం ఖాయమనుకున్నాను. లోహాల ఫ్యాక్టరీలో జీతం తీసుకునేవాడి జ్ఞానం మరి!

శ్రావణం వచ్చింది గాని పార్సెల్ రాలేదు. మొదటి శుక్రవారం ఆమె కలశంలో మామూలు రూపాయి వేసి, పూజ అయ్యేదాకా నాతో మాట్లాడలేదు. అయ్యాక కూడా మాట్లాడలేదు. రెండో శుక్రవారానికి ముందురోజు పార్సెల్ దిగింది. ప్రతి పెట్టె మీదా మార్కు ఉండాల్సిన చోట, కడిగారని ఇంగ్లిష్‌లో రాసి ఉంది. మార్కు లేదు. పాత నాణేనికి ఆ నలుపే పరువని, తోమితే విలువ పోతుందని భాయ్ అప్పుడు సెలవిచ్చాడు. ముందే చెబితే ఆయన నోటి ముత్యాలు రాలిపోయేవి కాబోలు.

తెల్లారి మా ఆవిడ తన పైసను పెట్టెతో సహా కలశపు చెంబులోకి దించబోయింది. పెట్టె చెంబు మూతి దగ్గరే ఆగిపోయింది.

"గిదేంది, గిట్ల బిగించిన్రు? పలగ్గొట్టున్రి."

"పలగ్గొడితే సర్టిఫికెట్ చెల్లదు!" అని అరిచాను. పనికిరాదని రాసిన సర్టిఫికెట్ కోసమే అరిచాను.

"ఇంతకు ఏం రాసిన్రు గా పెద్దమనుషులు?"

ఎవరో ఏళ్ళ తరబడి బాగా తోమేశారని, అందుకే మార్కు వేయలేదని, కొంచెం కసిగానే చెప్పాను. ఆమె పెట్టెను వెలుతురులోకి తిప్పి చూసింది.

"తోమినట్టు ఎర్కయిందా ఆళ్ళకు?"

"అయింది."

"అంటే, గంత దూరంల కూసున్నోళ్ళకు గుడ మా నాయనమ్మ చెయ్యి కనవడ్డదన్నట్టు," అంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా మొహం మాత్రం వెలిగిపోతోంది.

నాకు అసూయ కలిగింది. ఇన్నేళ్ళూ నా డబ్బాల గురించి ఒక్క మంచి మాట కోసం నేను ఎదురుచూస్తే, వచ్చిన ఒక్క మాటా ముసలమ్మకు పోయింది. వంటింట్లోంచి పొత్రం తెచ్చి పెట్టె మీద ఒక్కటేశాను. ప్లాస్టిక్ చిట్లింది. ఆమె పైసను ఏరుకుని, నా మొహం కూడా చూడకుండా లేచింది.

"చింతపండు నానవెట్టిన. జర జరుగున్రి."