కొసరుగా వచ్చిన మెత్త

దయ్యాల్ని నేను నమ్మను. నమ్మకూడదని ఒట్టేమీ పెట్టుకోలేదు, అలవాటు లేదంతే. ఉప్పల్‌లో మా నాన్నది కిరాణా కొట్టు. తక్కెడలో వేస్తే ముల్లు కదలాలి, కదలకపోతే ఆ వస్తువు లేనట్టే అని నేర్చుకుంటూ పెరిగాను. కీసరగుట్ట ఎక్కినా మా నాన్న దేవుడితో "ముందు పని కానియ్యి, కొబ్బరికాయ సంగతి తర్వాత చూద్దాం" అనేవాడు. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి ఇప్పుడు చెప్పబోయేదాంట్లో నేను కల్తీ చేసింది ఏమీ లేదని నమ్మండి. మా కొట్టు పప్పులో రాళ్లుండేవి నిజమే, కానీ అవి హోల్‌సేల్ వాడివి.

మా ఆయన లారీ డ్రైవరు. మా కొట్టుకు బియ్యం దింపడానికి వచ్చి, పోతూ పోతూ నన్ను ఎక్కించుకుపోయాడని చుట్టాలు నవ్వుతారు. చాలా ఏళ్లు వేరేవాళ్ల బండి నడిపాడు. మా అమ్మాయి హాస్టల్‌లో చేరాక సొంత బండి కొందామనుకున్నాం. క్లీనరును పెట్టుకునే స్తోమత లేదు కనుక ఎడమ సీట్లో నేనే కూర్చోవాలని ముందే తీర్మానం.

నాచారంలో రాజయ్య అనే పాత డ్రైవరు తన లారీ అమ్ముతున్నాడంటే వెళ్లాం. బేరం నేనే చేశాను. పాపం, ఆయనకు బేరం రాదు. నేనింకా నోరు తెరవకముందే ఒక మెట్టు దిగాడు. తెరిచాక ఇంకెన్ని దిగాడో చెబితే బాగుండదు. మా ఆయన సిగ్గుపడి టైర్లు చూసే వంకతో బండి వెనక్కి వెళ్లిపోయాడు.

ధర కుదిరాక కొసరు అడిగాను. పావుకిలో చింతపండు కొన్నా చిటికెడు కొసరు పడందే సంచి మూయని జాతి మాది.

"క్యాబిన్ల ఉన్నయన్నీ కొసరు కింద మాకే, పెద్దయ్యా."

ఆయన తలూపాడు. ఊపి, ఎడమ సీటు మీదున్న మెత్త వైపు చెయ్యి చాపాడు. పాత చీరల ముక్కలతో కుట్టిన మెత్త, కూర్చొని కూర్చొని నడుమ గుంట పడింది.

"గీ మెత్తొక్కటి తీస్కపోత బిడ్డా."

"అన్నీ అంటే అన్నీ పెద్దయ్యా. మాటంటే మాటే."

అమ్మేవాడు చివర్లో చిన్న వస్తువు అడిగాడంటే అసలు విలువ అందులోనే ఉంటుందని మా నాన్న పాఠం. రాజయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేను ఇంటికొచ్చి, బస్తాలో పొడిచి బియ్యం నాణ్యం చూసే బోలు కడ్డీ తెచ్చి, మెత్తను నాలుగు వైపులా పొడిచి చూశాను. దూది. ఉత్త దూది.

మొదటి ట్రిప్పు నాచారం నుంచి నాగ్‌పూర్‌కు అట్టపెట్టెల లోడు. క్యాబిన్‌లో నా ఉద్యోగం తేలికైనదే. ఎడమవైపు వచ్చే బండ్లను చూసి చెప్పాలి. వెనక్కి తీసేటప్పుడు తలుపు మీద చరుస్తూ "రానీ, రానీ" అని అరవాలి. అన్నం తిన్నాక ఆయనకు కునుకు పట్టకుండా ఆడపడుచుల సంగతులు ఎత్తాలి. ఈ చివరిది ఎంత బాగా పనిచేసేదంటే, ఒక్కోసారి ఆయనే బండి ఆపి దిగిపోయేవాడు.

నిర్మల్ దాటాక రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు కనిపించాయి. బండి ఆపించి, కిటికీలోంచే బేరమాడి, ఇక చాలనుకుని "సరే, ఇయ్యి" అన్నాను.

పాం!

హారన్. ఒక్కసారి, పొట్టిగా. పండ్లమ్మే ఆమె ఉలిక్కిపడి, "గంత కోపమెందుకక్కా, పోనీ నువ్వన్నంతకే తీస్కో" అని ఇంకో మెట్టు దిగింది. మా ఆయన నొక్కాడనుకుని అటు తిరిగాను. స్టీరింగ్ దగ్గర ఎవరూ లేరు. ఆయన కింద రాడ్డుతో టైర్లు కొట్టి గాలి చూసుకుంటున్నాడు.

వైరు ఎక్కడో తగులుతోందన్నాడు. నేనూ అదే అనుకున్నాను. కానీ ఆదిలాబాద్‌లో లోడు మీద కప్పే పట్టాకు తాడు కొంటుంటే మోగింది. నాగ్‌పూర్‌లో నారింజల దగ్గర మోగింది. నేను "సరే" అన్న మరుక్షణమే మోగేది. ఒకచోట ప్రాణం పెట్టి బేరమాడి, ఇక దిగే మెట్టు లేదనుకున్న చోట "సరే" అన్నాను. మోగలేదు. అప్పుడు నిజంగా మండింది నాకు. అంటే మిగతా చోట్లన్నీ నేను ఎక్కువిచ్చినట్టా? కొట్టు గల్లాపెట్టె పక్కన పాకడం నేర్చినదాన్ని, నా బేరాలకు ఒక హారన్ తప్పులు దిద్దడమా?

మా ఆయనకు పండగైపోయింది. "పదిహేనేండ్ల నుంచి మా అవ్వ అంటనే ఉన్నది, నీకు బేరం రాదని. ఇప్పుడు బండి గూడ అంటున్నది."

నాచారంలో మెకానిక్ సలీం భాయ్ స్విచ్ మార్చాడు, వైర్లు మార్చాడు, చివరికి హారనే మార్చాడు. అది కొత్త గొంతుతో మోగింది. ఒక ట్రిప్పుకు ముందు మెత్త మాసిందని ఉతికి ఇంట్లో ఆరేసి వెళ్లాను. ఆ ట్రిప్పంతా హారన్ నోరెత్తలేదు, నేను మాత్రం అడుగడుగునా మోసపోయాను. తిరిగొచ్చి మెత్త సీటు మీద వేశాక మళ్లీ మొదలు.

మేం నాచారం వచ్చినప్పుడల్లా రాజయ్య వచ్చి రోడ్డవతల నిలబడేవాడు. ఎడమ కిటికీ వంక చూసి, "మెత్త మంచిగున్నదా బిడ్డా?" అని అడిగి వెళ్లిపోయేవాడు. సంగతి సలీం భాయ్ చెప్పాడు.

"గది రాజయ్య పెండ్లాం మల్లవ్వది అక్కా. పెండ్లయినకాన్నుంచి గా సీట్లనే తిరిగింది. పెద్దాయనకు బేరం రాదు గద, ఎక్కువిస్తున్నడంటే కూసున్నకాన్నుంచే చెయ్యి చాపి హారన్ కొట్టేది. ఆమె పోయినంక ఆయనకు రాత్రి నిద్ర పడ్తలేదు. గా మెత్త తల కింద పెట్టుకుంటే పడ్తదేమో అంటడు."

"ఇచ్చెయ్యే," అన్నాడు మా ఆయన.

ఇవ్వాలనే ఉంది. కానీ కొసరు వాపసు ఇచ్చిన కొట్టు ఉప్పల్‌లో ఎక్కడుంది? పైగా ఆ మెత్త నాకు రోజూ సంపాదించి పెడుతోంది. వచ్చే ట్రిప్పు అయ్యాక ఇద్దామన్నాను. ఆ మాట రెండు మూడు ట్రిప్పులు అన్నాను.

ఒకరోజు పొద్దున సలీం భాయ్ షెడ్డులో లారీ నిలిపి ఉంది. బ్యాటరీ బయటికి తీసి బల్ల మీద చార్జింగ్ పెట్టాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. రాజయ్య వచ్చాడు. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. జేబులోంచి నోట్లు తీశాడు.

"ఊకనే ఇయ్యొద్దు బిడ్డా. కొనుక్కుంట. రెండు వేలిస్త."

పాత మెత్తకు రెండు వేలు! ఊరికే ఇచ్చేద్దామని మనసు అంటూనే ఉంది, నోరు మాత్రం "సరే" అనడానికి తెరుచుకుంది.

పాం!

సలీం భాయ్ చేతిలో బ్యాటరీ తీగల కొసలు రెండూ ఉన్నాయి. వాటిని చూశాడు, బల్ల మీది బ్యాటరీని చూశాడు, మెల్లగా గోడకు ఆనుకున్నాడు. రాజయ్య ఒక్కడే అదరలేదు. ఎడమ కిటికీ వైపు తిరిగి కసిరాడు.

"జర ఆగవే! నేను మాట్లాడుతున్న గద."

మళ్లీ నాతో, "వెయ్యి," అన్నాడు.

పాం!

"అయిదు నూర్లు."

పాం!

నాకు భయం వేయాల్సింది. నిజం చెప్పనా, రోషం వచ్చింది. "గదెట్ల పెద్దయ్యా? మొన్ననే సబ్బు పెట్టి ఉతికిన. దూది గట్టిది, చీరలు అసలైన నేత చీరలు," అన్నాను కిటికీకి వినబడేట్టు.

ఈసారి పొడుగ్గా మోగింది, నా తాత ముత్తాతల వ్యాపారమంతటినీ తిట్టినట్టు. మా ఆయన బానెట్ వెనక నవ్వు ఆపుకోలేక కూలబడ్డాడు.

రాజయ్య కళ్లు తుడుచుకున్నాడు. ఆయన కూడా నవ్వుతున్నాడు. "ఒక చాయ్ తాపిస్త బిడ్డా. గంతకంటె ఎక్కువ ఇయ్యనిస్తలేదు."

అందరం చెవులు రిక్కించాం. షెడ్డు బయట ఆటో ఏదో పోయింది. హారన్ మాత్రం మోగలేదు.

"సరే," అన్నాను.

అయినా మోగలేదు.

"కొసరు?" అన్నాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి.

ఆయన ఓరకంట కిటికీ వైపు చూసి, "ఒక ఉస్మానియా బిస్కెట్," అన్నాడు. దానికీ మోగలేదు. పెద్ద మనసు ఆమెది.

మెత్తను చంకలో పెట్టుకునే ఆయన మాతో చాయ్ తాగాడు. ఇప్పుడు పగలు కూడా గుర్రు పెడుతున్నాడని మొన్న సలీం భాయ్ చెప్పాడు. బ్యాటరీ లేని బండిలో హారన్ ఎట్లా మోగిందని అడిగితే మాత్రం, "మోగదు అక్కా. మోగింది. గంతే," అని పని చూసుకుంటాడు. కరెంటు తెలిసినవాళ్లను ఇంకా ఇద్దరు ముగ్గురిని అడిగాను. ఒకాయన ఆ రోజు ఏం తిన్నావమ్మా అని అడిగాడు.

నా సీటుకు కొత్త మెత్త కుట్టుకున్నాను. ఆ తర్వాత హారన్ తనంతట తాను మోగలేదు. కానీ ఒక అలవాటు మిగిలిపోయింది. బేరం కుదిరాక "సరే" అనే ముందు కాసేపు ఆగి చెవొగ్గి వింటాను. నేనేమీ అనకుండా అట్లా ఉండిపోయేసరికి అమ్మేవాళ్లకు కంగారు పుట్టి, "సరేలే అక్కా" అని ఇంకో మెట్టు తామే దిగుతారు.

ఆ చివరి మెట్టు దింపేది నేనో, మల్లవ్వనో, నాకిప్పటికీ తెలియదు.