కత్తెరక్క వాగు గట్టు

నలభై దాటాక కాలేజీ పిల్లల పక్కన కూర్చుని కొత్త పని నేర్చుకోవాలంటే కాస్త మొండితనం ఉండాలి. కత్తెరక్కకు అది దండిగా ఉంది. ఆవిడకు జుట్టు కత్తిరించే దుకాణం ఉండేది. గది యజమాని ఖాళీ చేయించడంతో అది మూతపడింది. సరిగ్గా అప్పుడే తోటల శాఖ వాళ్లు ఒక ప్రకటన వేశారు. వాగు గట్టును కమ్మేసిన పిచ్చితీగల్ని తీసేసి, అక్కడ పూర్వం పెరిగిన మొక్కల్నే మళ్లీ నాటే పనికి ఏడాది ఇంటర్న్‌షిప్ ఇస్తామన్నారు. వయసు ఇంతకు మించరాదని రాయడం మరిచిపోయారు. ఈవిడ మరిచిపోకుండా వెళ్లి చేరింది.

చేరిన వాళ్లందరికీ గట్టులో తలా ఒక ముక్క ఇచ్చారు. ఏడాది చివర ఎవరి ముక్క శుభ్రంగా నిలిస్తే వాళ్లకు ఉద్యోగం. పిల్లలకు ఇది కాకపోతే ఇంకోటి. కత్తెరక్కకు మాత్రం ఇదే కావాలి. బురదలో మోకాళ్ల మీద కూర్చుని పనిచేయడం తనకింత ఇష్టమని అన్నేళ్లూ ఆవిడకే తెలియదు మరి.

మొదట్లోనే నవ్వులపాలైంది. అలవాటుపడ్డ చెయ్యి ఊరుకుంటుందా? తీగల్ని వేళ్ల మధ్య పట్టి, కొసలు సమం చేసి, తెగిన ముక్కల్ని ముచ్చటగా కుప్పలు పోసి ఇంటికెళ్లింది. నాలుగు వానలు పడ్డాక చూస్తే కుప్పలన్నీ చిగుళ్లే. ఆ తీగకు కణుపు కణుపునా వేరు దిగుతుంది. పని నేర్పే పెద్దాయనను అందరూ మేస్త్రి అంటారు. ఆయన ఆ కుప్పల చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"జుట్టయితే పెరిగి మళ్లీ నీ దగ్గరికే వస్తుందమ్మా, నీకు బేరం. దీన్ని మాత్రం వేరుతో లాగాలి. ముక్క కింద పడకుండా సంచిలో కట్టాలి."

కత్తెరక్క అన్న పేరు ఆ రోజు పిల్లలు పెట్టిందే. అందరికంటే ఎక్కువ నవ్వింది కూడా కత్తెరక్కే.

ఆ తర్వాత ఆవిడ చేతిలో పొరపాటు జరగలేదు. తీగలు లాగింది, తుంగ నాటింది, వాగు ఒడ్డు పొదలు నాటింది. అయినా గట్టిగా వాన పడితే చాలు, ఆవిడ ముక్కలో మురుగుకాలవ వచ్చి కలిసే చోట తీగ మళ్లీ తయారు. పక్క వాళ్ల ముక్కల్లో లేదు, తన దాంట్లోనే. ఇదెక్కడి శని అనుకుని ఒక సాయంత్రం కాలవ వెంబడి పైకి నడిచింది. బడి వెనక నుంచి, రొట్టెల బట్టీ వెనక నుంచి వెళ్లి వెళ్లి, తన సొంత పెరటి గోడ దగ్గర ఆగింది.

గోడ నిండా ఊదాపూల తీగ. గోడ దగ్గర అత్తగారు. కత్తెరతో కొసలు కత్తిరించి, తీరిగ్గా కాలవలో పడేస్తోంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కత్తెరక్క పట్టుకుంది గానీ, పట్టుకుని ఏం చేయాలో తోచలేదు. గట్టు మీద తీగను పూసేదాకా ఎవరూ ఉంచరు, లేత తీగ ఆకు ముదురు ఆకులా ఉండదు. అందుకే గట్టు మీదిదీ గోడ మీదిదీ ఒకటేనని ఇన్నాళ్లూ తట్టలేదు. కొసలు కాలవలో వేయొద్దని చెప్పినంత మాత్రాన తెమిలేది కాదు. కాలవ మీదికే వేలాడే తీగ, గాలికి తెగి పడుతూనే ఉంటుంది. మొదలంటా తీసేయాలి. ఆ మొదలు నాటింది పోయిన మావగారు. పొద్దున్నే టీ గ్లాసుతో గోడ దగ్గర నిలబడి, ఇవాళ ఎన్ని పూశాయో చూసుకోనిదే అత్తగారికి తెల్లవారదు.

మొగుడికి చెప్పింది. ఆయన బస్సు డ్రైవరు.

"మీ ఇద్దరి మధ్యలోకి నన్ను లాగకు. పొద్దున్నే బండి తీయాలి," అని అటు తిరిగి పడుకున్నాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. కత్తెరక్కకు ఇంట్లో నోరే పెగల్లేదు. ఇవాళ కాదు రేపు అనుకుంటూ, వాన పడ్డప్పుడల్లా వెళ్లి లాగుతూ నెలలు నెట్టుకొచ్చింది.

ఈలోగా అత్తగారికి కుతూహలం పుట్టింది. కలుపు పీకడానికి ఉద్యోగమేమిటో చూస్తానని గొడుగేసుకుని గట్టుకొచ్చింది. మేస్త్రి స్టూలు వేశాడు. ఆవిడ ఒక్క క్షణం కూర్చుంది, రెండో క్షణం కిందికి దిగింది. గునపాలు పట్టుకున్న పిల్లల్ని చూసి, "గోటితో పోయేదానికి గొడ్డలెందుకురా," అని లేత తీగల్ని వేరుతో సహా లాగి చూపించింది. ఇక అక్కణ్నుంచి వారం వారం హాజరు. ఎవరి సంచి మూతి వదులుగా ఉన్నా ఊరుకునేది కాదు. కోడలు మాత్రం పక్కనే కూర్చుని లోలోపల కుమిలిపోయేది. అత్తగారు పీకుతున్నది తన గోడ మీది తీగనే.

ఏడాది చివరికొస్తుండగా, అవతలి ఒడ్డున ఎవరి కంటా పడకుండా మిగిలిన తీగ ఒకటి పూసింది. అత్తగారు నడుం నిలబెట్టి, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"అది మన గోడ మీది పువ్వు కదూ?"

"అవునత్తయ్యా."

"అయితే ఇన్నాళ్లూ నేను పీకింది దాన్నేనా?"

"అవును."

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"చాన్నాళ్లయింది. మావయ్యగారు నాటింది కదా, మీతో ఎలా చెప్పను?"

అత్తగారు చేతిలో తీగను సంచిలో వేసి మూతి ముడేసింది. గొడుగు తీసుకుని ఇంటికెళ్లిపోయింది. ఆ సాయంత్రం పెందలాడే తలుపేసుకుని పడుకుంది. ఇక ఆ తీగ కదలదని కత్తెరక్కకు ఉద్యోగం మీద ఆశ పోయింది, అంతకు మించి అత్తగారి మొహం చూడలేకపోయింది.

మర్నాడు పొద్దున పెరట్లో చప్పుడైతే వెళ్లి చూసింది. అత్తగారు గోడ కింద చతికిలబడి మొదలు చుట్టూ మట్టి తవ్వుతోంది. పక్కన ఖాళీ సంచులు.

"అత్తయ్యా, నా కోసమని మీరు..."

"నీ కోసమని ఎవరన్నారు? నెలల తరబడి నడుం పడిపోయేలా పీకాను. ఇంట్లో దాన్ని పెంచుతూ అక్కడ పీకడానికి నాకేం పిచ్చా?" మట్టి దులుపుకుంది. "అయినా మీ మావయ్య ప్రేమ కొద్దీ నాటాడనుకున్నావా? పూల చెట్టు కావాలని నేను పోరితే, నీళ్లు పోసే పని లేనిది ఏదని అడిగి మరీ తెచ్చాడు. ఆ మనిషి బద్ధకం ఊరంతా పాకింది."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతుండగానే అత్తగారి కళ్లు నిండాయి. కోడలు పక్కన కూర్చుని తనూ తవ్వింది. డ్రైవరుగారు కూడా ఆ రోజు బండికి సెలవు పెట్టి, ఇద్దరి మధ్యా ఇరుక్కుని గునపం వేశాడు. ఒక్క ముక్క కాలవలో పడలేదు.

తర్వాతి వానలకు గట్టు మీద తుంగ తప్ప మరేమీ లేవలేదు. కత్తెరక్కకు ఉద్యోగం వచ్చింది. ఖాళీ గోడ పక్కన నాటమని మేస్త్రి వాగు ఒడ్డు పొద ఒకటి తెచ్చాడు. చూడ్డానికి ఎండుపుల్ల.

"పూయడానికి నాలుగైదేళ్లు పడుతుందమ్మా," అన్నాడు, పెద్దావిడ వయసు గుర్తొచ్చి కాస్త నసుగుతూ.

"పడనీ," అంది అత్తగారు. "ఉంటాలే. ఈసారైనా నీళ్లు పోసే మనిషి ఉండాలిగా."

ఇప్పుడు పొద్దున్నే ఆవిడ ఒక చేత్తో టీ గ్లాసు, ఇంకో చేత్తో నీళ్ల చెంబు పట్టుకుని గోడ దగ్గరికి వెళ్తుంది. ముందు పుల్లకు పోసి, ఆ తర్వాతే టీ తాగుతుంది.