సాల్మన్‌రాజు ఎక్కిన గంట విమానం

చెల్లెలి పెళ్లి ఇష్టంలేకే సాల్మన్‌రాజు కావాలని ఆలస్యంగా వచ్చాడన్న మాట నర్సీపట్నం పక్కనున్న పెదబొడ్డేపల్లిలో ఎనిమిదేళ్లుగా తిరుగుతూనే ఉంది. అది చెవిన పడితే చాలు, దేవుడమ్మకి ఒళ్లు మండుతుంది. పక్కింటి కుర్రాడు, తన కళ్లముందు పెరిగినవాడు. తండ్రి పోయాక చెల్లెలు రాచెల్‌ని చదివించింది వాడే. హైదరాబాదులో టీవీలు బాగుచేసే పనికి వెళ్లిందీ ఆ పెళ్లి కోసమే.

ఆవేళ దేవుడమ్మ చర్చిలోనే ఉంది. "పెళ్లికూతురి అన్నయ్య ఇమానంలో వస్తన్నాడంట, గంటే!" అని మగపెళ్లివారు ఒకటే మురిసిపోయారు. ఆ గంటనే నమ్మి పదింటికి పెళ్లి పెట్టారు. గంట ఎవరికి? గాలిలో ఉన్నవాడికి! బేగంపేటలో పొగమంచు విడిచేదాకా కూర్చోబెట్టింది ఎవరు లెక్కేశారు? విశాఖలో దిగి సామాను కోసం నిలబడ్డది? ఆపైన నర్సీపట్నం రావొద్దూ, అదీ చెరకు ఆడే రోజుల్లో! అనకాపల్లి దగ్గర ఫ్యాక్టరీకి వెళ్లే బళ్లూ ట్రాక్టర్లూ దారి కట్టేశాయి. ఐదొందల కిలోమీటర్లు గంటలో ఎగిరొచ్చినవాడు ఎడ్ల తోకలు చూస్తూ టాక్సీలో కూర్చున్నాడు.

ఇక్కడ పాస్టరుగారికి మాకవరపాలెంలో ఇంకో పెళ్లి. ఆయన మాత్రం ఎంతసేపని ఆగుతారు? అన్న పట్టుకోవాల్సిన చెయ్యి పట్టుకుని సంఘపెద్ద జ్ఞానరాజుగారు రాచెల్‌ని నడిపించారు. సాల్మన్‌రాజు కొత్త బూట్లతో పరిగెత్తుకొచ్చేసరికి కుర్రాళ్లు బెంచీలు బయటికి మోస్తున్నారు.

అంతే, రావికమతంలో రాచెల్ అత్తవారు మళ్లీ అతన్ని గడప తొక్కనివ్వలేదు. ఇప్పుడు కొత్తింట్లో ప్రార్థన పెట్టుకుని దేవుడమ్మని కూడా పిలిచారు, తోడబుట్టినవాణ్ణి పిలవలేదు. అక్కడే అందరిముందూ అసలు సంగతి చెప్పేస్తానని దేవుడమ్మ పట్టుబట్టి కూర్చుంది.

"ఏటి సెప్తావు?" అంది కుళాయి దగ్గర ఎదురింటి రాజులమ్మ. "రాత్రి రైలుండగా ఇమానం ఎందుకెక్కేడో, అది సెప్పు ముందు."

"నోర్ముయ్యవే!" అని కసిరిందే గానీ, ఆ రైలు మాట దేవుడమ్మ బుర్ర తొలిచేసింది. ఇంట్లో రేడియో చంకనపెట్టుకుని తిన్నగా, సాల్మన్‌రాజు తిరిగొచ్చి ఊళ్లో పెట్టుకున్న రిపేరు కొట్టుకి వెళ్లింది.

"పలకట్లేదురా బాబూ, సూడు. అది సూస్తా నాకోటి సెప్పు. రైలెక్కితే తెల్లారకుండానే నర్సీపట్నం రోడ్డు టేషన్లో దిగుదువు కదా. ఆ పాడు ఇమానం ఎందుకెక్కేవు? డాబుకా?"

సాల్మన్‌రాజు రేడియో వెనక మూత తీశాడు, చూశాడు, మళ్లీ బిగించాడు.

"రైలుకే టిక్కెట్టు తీసేను పిన్నిగారూ. రాచెలే ఫోన్ సేసి ఏడ్సింది. మా అన్నయ్య ఇమానంలో దిగుతాడని అత్తోరికి సెప్పేసేను, పరువు తియ్యొద్దన్నాది. ఇప్పుడా మాట మీరక్కడ సెప్తే, ఆ ఇంట్లో దాన్ని ఎవులైనా బతకనిస్తారా? ఇదిగోండి రేడియో. బ్యాటరీలు మీరే తీసీసినట్టున్నారు, ఇంటికెళ్లి ఏసుకోండి."